పదహారేళ్ళ వారికి ఓటు హక్కు ఇవ్వవచ్చా?

ఉషోదయ
మా అమ్మాయికి పదహారేళ్ళు నిండి నాలుగు నెలలయింది. మొన్న రాత్రి ఎన్నికల వార్తలు చూస్తూ ఎవరికి ఓటు వేయాలా అని నేనూ మావారూ మాట్లాడుకుంటుంటే, తను చదువుతున్న పుస్తకం మూసి, "వచ్చే ఐదేళ్ళలో కాలేజీలో చేరేది నేను, పోటీ పరీక్షలు రాసేది నేను, ఉద్యోగం వెతుక్కునేది నేను. వీటన్నిటినీ నిర్ణయించేవాళ్ళను ఎన్నుకునేది మాత్రం మీరిద్దరూ" అంది. "చిన్నపిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ" అని నోరు మూయించాను. కానీ ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నెల క్రితం మా అత్తగారి ఆరోగ్య బీమా పత్రాలు ఇంట్లో పెద్దవాళ్ళం ఎవ్వరం అర్థం చేసుకోలేకపోతే, వాటిని కూర్చుని చదివి, ఏ చికిత్సకు డబ్బు వస్తుందో, దేనికి రాదో గుర్తులు పెట్టి చెప్పింది ఈ చిన్నపిల్లే. పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళకు ఓటు ఇవ్వడం మంచిదా, కాదా? దయచేసి కారణాలతో చెప్పండి. నేను తనకు జవాబు బాకీ ఉన్నాను.

తూనికరాయి
మంచిది కాదు. బీమా పత్రం చదవడం తెలివితేటలకు సంబంధించిన పని, ఓటు వేయడం బాధ్యతకు సంబంధించిన పని. పద్దెనిమిదేళ్ళు నిండనివాడు సొంతంగా ఒక ఒప్పందం మీద సంతకం చేస్తే అది చట్టం ముందు నిలవదు. తన ఆస్తిని తాను అమ్ముకోలేనివాడు ఊరందరి ఆస్తిని ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించవచ్చు అనడంలో పొంతన లేదు.

మబ్బుతునక
పదహారు అంటే పదిహేను అడుగుతారు, పదిహేను అంటే పధ్నాలుగు. ఎక్కడో ఒక గీత గీయక తప్పదు కదా.

గడియారపు_ముల్లు
గీత అవసరమేనన్నది నిజమే, మబ్బుతునక గారూ. కానీ ఆ గీత ఎప్పుడూ ఒకే చోట లేదు. మన దేశంలో 1989 మార్చి దాకా ఓటు వయసు 21. అరవై ఒకటో రాజ్యాంగ సవరణ 326వ అధికరణంలో ఆ అంకెను 18గా మార్చింది. బ్రిటన్ 1969లో, అమెరికా 1971లో తగ్గించాయి. జపాన్ 2015లో చట్టం చేసేవరకు 20 ఏళ్ళు నిండితేనే ఓటు. మలేషియా 2019లో రాజ్యాంగాన్ని సవరించి 21ని 18 చేసింది. అమెరికాలో వియత్నాం యుద్ధ సమయంలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుంటూ ఓటు మాత్రం ఇరవై ఒకటి నిండాకే అన్నప్పుడు, ఆ అన్యాయం అందరి కళ్ళకూ కట్టింది. అక్కడి పార్లమెంటైన కాంగ్రెసు ఆమోదించిన నాలుగు నెలల లోపే రాష్ట్రాలు ఇరవై ఆరో సవరణను ఖాయం చేశాయి. ఇలా తగ్గించిన ప్రతిసారీ "వీళ్ళకింకా బుద్ధి కుదరలేదు" అన్న మాట వినబడుతూనే వచ్చింది.

తూనికరాయి
21 నుంచి 18కి తగ్గించడం సరైనదైతే 18 నుంచి 16కు తగ్గించడం కూడా సరైనదే అవుతుందా? ప్రతి మెట్టుకూ దాని కారణం అది చూపించుకోవాలి. ఇంకొక సంగతి. ఇరాన్‌లో ఓటు వయసు ముందు తక్కువగా ఉండేది, 2007లో దాన్ని 18కి పెంచారు. గీత కిందికే జరుగుతుందన్న నియమం లేదు.

కొత్తకలం
మెదడులో ముందువెనుకలు ఆలోచించే భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఈ ఒక్క కారణం చాలదా?

నల్లబల్ల
చాలదు. ఆ లెక్కన పద్దెనిమిదేళ్ళ వాళ్ళ ఓటు కూడా లాగేసుకోవాలి. నేను ఇరవై రెండేళ్ళుగా పై తరగతులకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను కనుక కొంచెం వివరంగా రాయనివ్వండి.

కౌమార వయసు మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చూపిస్తారు. తోటివాళ్ళు చుట్టూ చేరి రెచ్చగొడుతున్నప్పుడు, క్షణాల్లో తీసుకోవలసిన నిర్ణయం ఒక రకం. అక్కడ పదహారేళ్ళ వాళ్ళు పెద్దలకన్నా బాగా తడబడతారు. తీరిగ్గా సమాచారం చూసుకుని, నాలుగు రోజులు ఆలోచించి తీసుకునే నిర్ణయం మరొక రకం. అందులో పదహారేళ్ళకే చాలామంది పెద్దల స్థాయికి చేరుకుంటారు. బండి వేగంగా నడపడం మొదటి రకానికి చెందుతుంది, ఓటు రెండో రకానికి చెందుతుంది. అందుకే ఒక్కో పనికి ఒక్కో వయసు పెట్టడంలో తప్పు లేదు.

నేను కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. మా బడిలో విద్యార్థి సంఘానికి ఏటా ఎన్నిక జరుగుతుంది. మొదట్లో అది బొమ్మలాటలాగే ఉండేది, ఎవరికి స్నేహితులు ఎక్కువైతే వాళ్ళే గెలిచేవారు. మూడేళ్ళ క్రితం, సంఘానికి ఒక చిన్న మొత్తం అప్పగించి, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో గెలిచినవాళ్ళే నిర్ణయిస్తారని ప్రకటించాం. ఆ ఏడు ప్రచార సభలో, ఎప్పుడూ వెనుక బల్లలో కూర్చుని మారుమాట్లాడని ఒక పిల్లవాడు లేచి, "ఆట సామాను కొంటామంటున్నారు కదా, నిరుడు కొన్నది ఏ గదిలో ఉంది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?" అని అడిగాడు. సభ అంతా నిశ్శబ్దమైపోయింది. పోటీలో ఉన్న ముగ్గురూ వెళ్ళి ఆ గది తెరిపించి, ఉన్న సామాను రాసుకుని వచ్చి మళ్ళీ మాట్లాడవలసి వచ్చింది. ఓటుకు విలువ ఉందని తెలిశాక పిల్లలు అడిగే ప్రశ్నలు మారిపోయాయి. బాధ్యత వచ్చాక ఓటు ఇస్తామంటే, "పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు" అన్న సామెత దగ్గరే ఆగిపోతాం.

వేపచెట్టు_నీడ
మాస్టారూ, తాళంచెవి అడిగిన ఆ పిల్లవాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ ప్రశ్న అడగడానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

తూనికరాయి
నల్లబల్ల గారి అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ బడిలో జరిగే ఎన్నికలోకి పార్టీలు రావు, డబ్బు రాదు. ఓటు వయసు పదహారు అయిన మరుసటి రోజే ప్రతి పార్టీ విద్యార్థి విభాగమూ పదో తరగతి గది దాకా వస్తుంది. ఫోనులో ఆ వయసు వాళ్ళకోసమే తయారుచేసిన అబద్ధపు వీడియోలు కుప్పలుతెప్పలుగా వస్తాయి. ఇంట్లో తండ్రి మాట కాదనలేని పిల్ల ఆ మాట ప్రకారమే ఓటు వేస్తుంది, అంటే ఒక ఇంటి పెద్దకు రెండు ఓట్లు ఇచ్చినట్లే. వీటికి జవాబేమిటి?

పదిహేడో_మెట్టు
నాకు పదిహేడేళ్ళు. ఇంత చర్చలో మా వయసువాళ్ళు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. తూనికరాయి గారు చెప్పిన రెండు భయాల్లో ఒకటి నిజం, ఒకటి కాదని నాకు అనిపిస్తోంది. నాన్న మాట కాదనలేమన్నది మా ఇంటి విషయంలో నిజం కాదు. భోజనాల దగ్గర నాన్నతో వాదించేది నేనే. నిజానికి మా అమ్మే ఇప్పటికీ నాన్న చెప్పిన గుర్తుకే వేస్తుంది, ఆమెకు నలభై నాలుగేళ్ళు. కానీ వీడియోల మాట నిజం. పోయినేడు ఒక నాయకుడు అన్నట్లుగా వచ్చిన మాటను నేను నమ్మి, పదిమందికి పంపించాను. అది అతికించి తయారుచేసినదని వారం తర్వాత తెలిసింది. ఆ పదిమందికీ ఒక్కొక్కరికీ విడిగా "అది అబద్ధం" అని రాశాను. వాళ్ళలో ఇద్దరు మా పెద్దనాన్నలు. వాళ్ళు ఆ మాటను అప్పటికే ఇంకో ముప్పైమందికి పంపేశారు, వెనక్కి తీసుకోలేదు. కాబట్టి ఇది మా ఒక్క వయసు జబ్బు కాదని మనవి.

ఉషోదయ
బాబూ, నువ్వు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. "అబద్ధం అని తిరిగి రాయడం" అన్న చోట ఆగి, రెండోసారి చదవమంది.

సిరాచుక్క
నేను పదకొండు ఎన్నికల్లో పోలింగు విధుల్లో పనిచేశాను. ఎవరి పక్షమూ వహించకుండా, చూసిన ఒక్క సంఘటన చెబుతాను. ఒక పోలింగు కేంద్రానికి చూపు దాదాపు పోయిన ఒక పెద్దావిడ తన మనవడి భుజం పట్టుకుని వచ్చింది. తన ఓటు తన తరఫున ఆ పిల్లవాడే వేయాలని కోరింది, వారం రోజులుగా అభ్యర్థుల పేర్లూ వాళ్ళు చెప్పిన మాటలూ తనకు చదివి వినిపించింది వాడేనని చెప్పింది. చూపులేని ఓటరుకు తోడు వచ్చేవారికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలన్నది నిబంధన. వాడికి పదహారు. లోపలికి పంపలేకపోయాను. చివరికి వరుసలో వెనుక నిలబడిన పొరుగాయనను ఆమె ఒప్పుకుంటే ఆయన వెళ్ళాడు. ఆ ఇద్దరూ లోపల ఉన్నంతసేపూ పిల్లవాడు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, అభ్యర్థుల జాబితా ఉన్న మడత కాగితాన్ని విప్పుతూ మూస్తూ నిలబడ్డాడు. నేను పాటించిన నిబంధన సరైనదే, దానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఆ బల్ల దగ్గర ఇన్నేళ్ళు కూర్చున్నాక నాకు ఒకటి మాత్రం స్పష్టంగా తెలుసు. వేలికి సిరా పూసేముందు మేము ఎవరినీ "నీకు ఎంత తెలుసు" అని అడగం, అడగకూడదు. ఓటు పరీక్ష కాదు, వాటా.

తూనికరాయి
ఇది నన్ను కదిలించింది, దాచను. కానీ వాటా అంటే పుట్టిన బిడ్డకూ ఉంటుంది. అందరికీ ఇస్తామా?

గడియారపు_ముల్లు
ఆ దారిలో ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. జనాభా శాస్త్రవేత్త పాల్ డెమెనీ 1986లో, పిల్లల తరఫున తల్లిదండ్రులకు అదనపు ఓటు ఇవ్వాలని ప్రతిపాదించారు. అప్పట్లో కేంబ్రిడ్జి ఆచార్యుడిగా ఉన్న డేవిడ్ రన్సిమన్ అయితే ఆరేళ్ళ నుంచే పిల్లలకు ఓటు ఉండాలన్నారు. నాకు రెండూ నచ్చవు. మొదటిది మీరు భయపడిన "ఇంటి పెద్దకు రెండు ఓట్లు" అనే దాన్నే చట్టం చేస్తుంది. రెండోదానిలో ఓటు వేసేవాడికి తానేం చేస్తున్నాడో కూడా తెలియదు. వాటా అందరిదీ అయినా, దాన్ని తన చేతితో తాను పట్టుకోగల వయసు ఒకటి ఉండాలి, ఆ వయసు పదహారన్నది నా అభిప్రాయం.

మబ్బుతునక
పదహారేళ్ళకు ఓటు ఇచ్చిన దేశాల్లో ఏం జరిగింది? అది ఎవరైనా చెబితే బాగుంటుంది. ఊహల మీద ఎంతసేపు వాదిస్తాం?

గడియారపు_ముల్లు
బ్రెజిల్ 1988 రాజ్యాంగంతోనే ఇచ్చింది. అక్కడ పద్దెనిమిది నుంచి డెబ్బై దాకా ఓటు వేయడం తప్పనిసరి. పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళకూ, డెబ్బై దాటిన వాళ్ళకూ ఇష్టమైతేనే. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది, సిద్ధంగా ఉన్నానని అనుకున్న పిల్లవాడే ముందుకు వస్తాడు. ఈక్వడార్ 2008లో, అర్జెంటీనా 2012లో ఇదే దారి పట్టాయి. ఐరోపాలో జాతీయ స్థాయిలో మొదట చేసినది ఆస్ట్రియా. 2007లో చట్టం, 2008లో పార్లమెంటు ఎన్నిక. మాల్టా 2018లో చేసింది.

ఆస్ట్రియా సంగతి కొంచెం ఆగి చూడాలి. వియన్నా, క్రెమ్స్ నగరాల్లో ఓటర్ల జాబితాలనే పరిశీలించిన ఒక అధ్యయనంలో, పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ళ వాళ్ళకన్నా ఎక్కువ శాతం ఓటు వేశారని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. పద్దెనిమిదేళ్ళకు పిల్లలు చదువుకో, పనికో ఇల్లు విడిచి వెళ్తారు. ఓటరు జాబితాలో పేరు ఒక చోట, మనిషి ఇంకో చోట ఉంటారు. మొదటి ఎన్నిక అలా తప్పిపోతే రెండోదీ తప్పిపోతుంది. పదహారేళ్ళ పిల్లలు ఇంట్లోనే, బడిలోనే ఉంటారు. మొక్కై వంగనిది మానై వంగదని మనవాళ్ళు అన్నది ఈ అలవాటుకూ వర్తిస్తుంది.

నల్లబల్ల
స్కాట్లండ్‌ను మరచిపోకండి. 2014లో స్వాతంత్ర్యం మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పదహారేళ్ళ వాళ్ళకు ఓటిచ్చారు. ఓటు వేశామని చెప్పినవాళ్ళు ఆ వయసులో 75 శాతమని, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళ వాళ్ళలో 54 శాతమని ఎన్నికల సంఘం సర్వేలో తేలింది. ఆ తర్వాతి ఏడాదే స్కాట్లండ్ పార్లమెంటు, స్థానిక ఎన్నికలకు ఆ హక్కును శాశ్వతం చేశారు.

తూనికరాయి
"వేశామని చెప్పినవాళ్ళు" అన్న మాట మీద నా దృష్టి పడింది. సర్వేలో చెప్పడం వేరు, వేయడం వేరు. అదీ గాక దేశం విడిపోవాలా వద్దా అన్న ప్రశ్న జీవితంలో ఒక్కసారి వచ్చేది. మామూలు ఎన్నికకు ఆ ఉత్సాహం ఉంటుందా? వేల్స్‌లో 2021లో పదహారేళ్ళ వాళ్ళు మొదటిసారి ఓటు వేసే అవకాశం వచ్చినప్పుడు నమోదు ఆశించినంతగా జరగలేదు కదా.

నల్లబల్ల
రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే. కానీ వేల్స్‌లో ఆ ఎన్నిక వచ్చింది కోవిడ్ కాలంలో, ఎక్కువ రోజులు తరగతులు మూతబడిన సంవత్సరంలో. బడి పాత్ర ఎంతో ఆ రెండు అనుభవాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. వయసు తగ్గించి, ఓటు గురించి బడిలో ఏమీ చెప్పకుండా వదిలేస్తే, ఆ హక్కు చదువుకున్న ఇళ్ళ పిల్లలకే దక్కుతుంది. ఇది నా అసలు బెంగ. ఓటు వయసు తగ్గించాలన్నవాళ్ళు ఆ బిల్లుతో పాటే పాఠ్యప్రణాళికలో మార్పు కూడా అడగాలి.

కొత్తకలం
ఈ పిల్లలందరూ ఒకే రకం పార్టీకి వేస్తారని, అందుకే ఆ పార్టీలు ఈ మాట ఎత్తుకుంటాయని అంటారు. దానికేమంటారు?

గడియారపు_ముల్లు
జర్మనీలో 2024 ఐరోపా పార్లమెంటు ఎన్నికకు మొదటిసారి పదహారేళ్ళ వాళ్ళకు ఓటు వచ్చింది. అది కావాలని ఏళ్ళ తరబడి గట్టిగా అడిగిన గ్రీన్స్ పార్టీయే ఆ ఎన్నికలో యువ ఓటర్ల మద్దతును అంతకు ముందుకన్నా బాగా పోగొట్టుకుంది. పిల్లలు ఎవరి జేబులోనూ లేరు.

ధర్మాసనం
న్యాయవాదిగా ఒక విషయం చేర్చాలి. తూనికరాయి గారు మొదటే అన్నారు, ఒప్పందం మీద సంతకం చేయలేనివాడికి ఓటేమిటని. చట్టం పదహారేళ్ళ మనిషిని అన్నిచోట్లా పసివాడిగా చూడటం లేదు. మన 2015 బాల న్యాయ చట్టం ప్రకారం, పదహారు నిండి పద్దెనిమిది నిండని వ్యక్తి ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే, బాల న్యాయ బోర్డు ప్రాథమిక అంచనా తర్వాత అతణ్ణి పెద్దవాడిగానే విచారించడానికి అవకాశం ఉంది. శిక్ష దగ్గర పెద్దవాడు కాగలిగినవాడు హక్కు దగ్గర ఎందుకు కాలేడు? న్యూజీలాండ్‌లో కొందరు యువకులు ఇదే తరహా ప్రశ్నతో కోర్టుకు వెళ్ళారు. అక్కడి హక్కుల చట్టం పదహారేళ్ళ నుంచి వయసు వివక్షను నిషేధిస్తుంది. పద్దెనిమిది అన్న గీతకు ప్రభుత్వం తగిన సమర్థన చూపలేదని 2022 నవంబరులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు వల్ల చట్టం దానంతటదే మారదు. స్థానిక ఎన్నికల వరకైనా మార్చాలని తెచ్చిన బిల్లును తర్వాతి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అయినా "ఎందుకు ఇవ్వాలి" అన్న ప్రశ్న "ఎందుకు ఇవ్వకూడదు" అన్న ప్రశ్నగా మారింది. నా దృష్టిలో అది పెద్ద మార్పు.

తూనికరాయి
ధర్మాసనం గారూ, నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే విషయాన్నే మీరు నాకు వ్యతిరేకంగా వాడారు. పదహారేళ్ళ వాణ్ణి పెద్దవాడిగా విచారించడమే తప్పని నేను నమ్ముతాను. నేను కొంతకాలం బాలల సంరక్షణ గృహంలో చదువు చెప్పడానికి వెళ్ళాను. అక్కడ పదహారేళ్ళ కుర్రవాడొకడు రాత్రి దీపం తీసేస్తే నిద్రపోలేడు. పగలంతా పెద్దమనిషిలా మాట్లాడేవాడు. ఈ రోజు "మీరు ఓటు వేయగల పెద్దవాళ్ళు" అంటాం. రేపు ఎవరో ఒకరు అదే వాక్యాన్ని పట్టుకుని, "ఓటు వేసేంత తెలిసినవాళ్ళకు జైలు ఎందుకు తెలియదు, పెళ్ళి ఎందుకు తెలియదు, ప్రమాదకరమైన పని ఎందుకు చేయకూడదు" అంటారు. పద్దెనిమిది అన్నది పిల్లల చుట్టూ కట్టిన కంచె. ఒక చోట కంబి తీస్తే మిగతావి వదులవుతాయి. నేను ఓటును కాపాడటానికి కాదు, ఆ కంచెను కాపాడటానికి వాదిస్తున్నాను.

వేపచెట్టు_నీడ
ఈ చర్చలో ఇప్పటి వరకు వచ్చిన వాటిలో బరువైన మాట ఇది.

ధర్మాసనం
అవును, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ కంచె ఎప్పుడూ ఒకే ఎత్తులో లేదు. ఓటు పద్దెనిమిదికే వచ్చినా లోక్‌సభకు పోటీ చేయాలంటే ఇరవై అయిదు, రాజ్యసభకు ముప్పై నిండాలి. ఓటుకూ పోటీకీ మధ్య ఏడేళ్ళ దూరం ఉన్నా ఎవరూ ఆ రెండింటినీ కలపలేదు. రక్షణను రక్షణగా, హక్కును హక్కుగా విడివిడిగా రాయడం చట్టానికి చేతనవుతుంది. స్కాట్లండ్‌లో ఓటు వయసు తగ్గింది కదా అని పిల్లలకున్న మిగతా రక్షణలన్నీ ఎత్తివేయలేదు.

పదిహేడో_మెట్టు
తూనికరాయి గారూ, మా తరఫున మీరు పడే భయానికి నేను కృతజ్ఞుణ్ణి. కానీ ఆ కంచె ఎక్కడ బలహీనంగా ఉందో తెలిసినవాళ్ళం లోపల ఉన్న మేమే కదా. స్వీడన్‌లో గ్రేటా థున్‌బెర్గ్ వాతావరణ మార్పు మీద నిరసనగా 2018 ఆగస్టులో పార్లమెంటు ముందు కూర్చున్నప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు. సెప్టెంబరులో ఎన్నిక. అట్ట మీద రాసుకుని కూర్చోవడం తప్ప ఆమెకు ఇంకో దారి లేదు. ఆమె ప్రపంచానికి తెలిసింది. తెలియని వాళ్ళ సంగతేమిటి?

మబ్బుతునక
జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రం 1990లలోనే మున్సిపల్ ఎన్నికలకు పదహారు పెట్టింది, రాష్ట్ర స్థాయికి బ్రెమెన్ 2011లో వెళ్ళింది. అమెరికాలో టకోమా పార్క్ అనే పట్టణం 2013లో తన పుర ఎన్నికలకు ఇచ్చింది. ఇప్పుడే చదివాను. ఇలా కింది నుంచి మొదలుపెడితే తూనికరాయి గారికి అభ్యంతరం తగ్గుతుందా?

తూనికరాయి
తగ్గుతుంది, పోదు. బడి, రోడ్డు, నీళ్ళు, ఆటస్థలం వంటివి చూసే స్థానిక సంస్థ ఎన్నిక వరకు, ఇష్టమైతేనే వేసే పద్ధతిలో, బడిలోనే నమోదు జరిగితే, పిల్లల రక్షణ చట్టాల్లో ఒక్క అక్షరం కూడా మారదని ఆ బిల్లులోనే రాస్తే, నేను అడ్డు చెప్పను. శాసనసభకూ, పార్లమెంటుకూ మాత్రం పద్దెనిమిదే ఉండాలి. రెండు మూడు ఎన్నికలు చూశాక మళ్ళీ అడగండి.

గడియారపు_ముల్లు
బడి విధానాన్నీ పరీక్షల విధానాన్నీ నిర్ణయించేది పై సభలే కదా. అసలు తలుపు మూసి కిటికీ తెరిచినట్లుంది. నేను ఒప్పుకోలేను.

సిరాచుక్క
కిటికీ అయినా వెలుతురు వస్తుంది. నాకు పనికి సంబంధించిన ఒక సందేహం మాత్రం ఉంది. స్థానిక ఎన్నికా, పై ఎన్నికా ఒకే రోజు వస్తే ఒకే కేంద్రంలో రెండు జాబితాలు పెట్టుకోవాలి. అమెరికాలో 1970లో సుప్రీం కోర్టు తీర్పు వల్ల జాతీయ ఎన్నికలకు పద్దెనిమిది, రాష్ట్ర ఎన్నికలకు ఇరవై ఒకటి అయ్యే పరిస్థితి వచ్చినప్పుడు, ఈ రెండు జాబితాల చిక్కుకు భయపడే సవరణను అంత తొందరగా తెచ్చారు. బల్ల దగ్గర కూర్చునేవాళ్ళను కూడా అడిగి చట్టం రాయాలి.

ఉషోదయ
నిన్న రాత్రి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాం. ఆ రోజు నోరు మూయించినందుకు తనకు క్షమాపణ చెప్పాను. తను తూనికరాయి గారి కంచె మాట దగ్గర చాలాసేపు ఆగింది. ఆ దీపం తీస్తే నిద్రపోలేని కుర్రవాడి గురించి రెండుసార్లు అడిగింది. తర్వాత తన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇక్కడ పెట్టవచ్చా అని అడిగితే సరే అంది. ఇదీ తను రాసింది: "మా ప్రాంత అభ్యర్థులు ముగ్గురికీ ఉత్తరం రాయాలి. బాలల సంరక్షణ గృహానికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారో అడగాలి. ఓటు లేకపోయినా ఉత్తరం రాయవచ్చు కదా?" చిరునామాలు వెతకడం నా వంతు అయింది. తూనికరాయి గారూ, ఆ గృహాల్లో ఏమేం అడగాలో మీకు తెలిసినంత మాకు తెలియదు, రెండు ప్రశ్నలు మీరూ రాసి పంపండి.

తూనికరాయి
రెండు కాదు, అయిదు రాస్తాను. ఉత్తరం కింద సంతకం మాత్రం అమ్మాయిదే ఉండాలి.